సెరిబ్రల్ పాల్సీ ఉన్న యువత: దైనందిన జీవనం, సామాజిక భాగస్వామ్యం - అనంతపురం ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- సెరిబ్రల్ పాల్సీ స్వభావాన్ని, దాని గురించి ఉన్న అపోహలను వివరించగలుగుతారు;
- సామర్థ్యం, ఆచరణ, భాగస్వామ్యం అనే మూడు భావనల మధ్య తేడా చెప్పగలుగుతారు;
- కరవు ప్రాంతంలోని పరిసరాలు ఒక యువకుడి రోజును ఎలా మలుస్తాయో విశ్లేషించగలుగుతారు;
- ఈ యువతకు వర్తించే చట్టాలను, సేవలను, వాటి పరిమితులను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

వైకల్యాల రకాలను, కారణాలను మీరు గత పాఠాల్లో చదివారు. ఈ పాఠంలో ఒకే స్థితిని, ఒకే వయసువారిని, ఒకే ప్రాంతాన్ని తీసుకుంటున్నాం. స్థితి సెరిబ్రల్ పాల్సీ. వయసు 15 నుంచి 25 ఏళ్లు. ప్రాంతం అనంతపురం మెట్టనేల. పాత అనంతపురం జిల్లా నుంచి 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఈ పాఠంలో ‘అనంతపురం ప్రాంతం’ అన్నచోటల్లా రెండు జిల్లాలనూ కలిపి చెబుతున్నామని గ్రహించండి.

పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ పీఠభూమిలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే పడుతుంది. ఎర్రనేలలు ఎక్కువ. వర్షాధారపు వేరుశనగే ప్రధాన పంట. పంట పోయిన ఏడు అనేక కుటుంబాలు పని వెతుక్కుంటూ బెంగళూరుకో, కేరళకో వెళ్తాయి.

వర్షానికీ, మెదడుకు సంబంధించిన ఒక స్థితికీ సంబంధమేమిటని మీకు సందేహం రావచ్చు. వర్షం లేకపోవడం వల్ల సెరిబ్రల్ పాల్సీ రాదు. అయితే ఆ స్థితితో పెరిగిన యువకుడు ఉదయం లేచి స్నానం చేయగలడా, వీధిలోకి రాగలడా, నలుగురిలో కూర్చోగలడా అన్నది అతని మెదడు ఒక్కటే తేల్చే విషయం కాదు. నీళ్ల కుళాయి ఎంత దూరంలో ఉంది, వాకిట్లో ఎన్ని మెట్లున్నాయి, అతన్ని లేవదీసే మనిషి ఊళ్లో ఉన్నాడా, వలస వెళ్లాడా అన్నవి కూడా తేలుస్తాయి. ఈ పాఠం సారమంతా ఇదే.

2. సెరిబ్రల్ పాల్సీ స్వభావం

మెదడు ఎదుగుతున్న దశలో, అంటే గర్భంలో గాని, కాన్పు సమయంలో గాని, పుట్టిన తొలి కాలంలో గాని మెదడుకు కలిగిన హాని వల్ల కదలికలోనూ శరీర భంగిమలోనూ శాశ్వతంగా ఏర్పడే ఇబ్బందులను కలిపి సెరిబ్రల్ పాల్సీ అంటారు. తెలుగులో దీన్ని మస్తిష్క పక్షవాతం అని కూడా వ్యవహరిస్తున్నారు. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, పసికందుకు తీవ్రమైన కామెర్లు, మెదడు పొరలకు సోకే అంటువ్యాధులు దీనికి కారణాల్లో ముఖ్యమైనవి. ఒక్కోసారి కారణం తేలకపోవచ్చు. 19వ శతాబ్దం మధ్యలో లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్ దీన్ని వివరంగా వర్ణించడంతో చాలాకాలం దీన్ని ‘లిటిల్ వ్యాధి’ అన్నారు.

కండరాలు బిగుసుకుపోయే రకం ఎక్కువమందిలో కనిపిస్తుంది. అదుపులేని కదలికలు వచ్చే రకం, తూలుడు ఎక్కువగా ఉండే రకం కూడా ఉన్నాయి. కొందరిలో ఒక చెయ్యి, ఒక కాలు, కొందరిలో రెండు కాళ్లు, మరికొందరిలో నాలుగు అవయవాలూ ప్రభావితమవుతాయి.

పల్లెల్లో దీని గురించి మూడు అపోహలు తరచుగా వినిపిస్తాయి.

మొదటిది, ఇది పోలియో అనుకోవడం. పోలియో వైరస్ వెన్నుపాములోని నాడీకణాలను దెబ్బతీస్తుంది. సెరిబ్రల్ పాల్సీకి మూలం మెదడులో ఉంది. భారతదేశాన్ని పోలియో రహితంగా 2014 మార్చిలో ప్రకటించారు. అయినా కాలు ఈడ్చి నడిచే ప్రతి పిల్లవాడినీ ‘పోలియో’ అనడం మానలేదు. ఈ పొరపాటు వల్ల అవసరమైన చికిత్స ఆలస్యమవుతుంది.

రెండోది, ఇది ముదిరే వ్యాధి అనుకోవడం. మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. అయితే దాని ఫలితాలు వయసుతో మారతాయి. ఈ సంగతిని 6వ భాగంలో చూస్తాం.

మూడోది, మాట స్పష్టంగా లేనివారికి తెలివి లేదనుకోవడం. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో సుమారు సగం మందికి మేధా వైకల్యం ఉండదని అధ్యయనాలు చెబుతున్నాయి. నోటి కండరాలు సహకరించనంత మాత్రాన ఆలోచన ఆగదు. మూడు అపోహల్లోనూ ఎక్కువ హాని చేసేది ఇదే. ఎందుకంటే తెలివి లేదని నిర్ణయించిన మనిషితో ఎవరూ మాట్లాడరు. మాట్లాడేవారు లేని మనిషికి మాట ఇంకా తగ్గిపోతుంది.

3. స్థాయిల వర్గీకరణ

‘తీవ్రంగా ఉంది’, ‘కొద్దిగా ఉంది’ అన్న మాటలు మనిషిని బట్టి మారతాయి. ఈ ఇబ్బంది తొలగించడానికి 1997లో కెనడాలో రాబర్ట్ పాలిసానో, పీటర్ రోజెన్‌బామ్ తదితరులు ఐదు స్థాయిల వర్గీకరణను రూపొందించారు. 2007లో దీన్ని 12 నుంచి 18 ఏళ్ల వారికి కూడా విస్తరించారు. స్థూలంగా ఆ స్థాయిలు ఇవి:

మొదటి స్థాయి: నడుస్తారు, పరుగెత్తుతారు. వేగం, నిలకడ కొంత తక్కువ.
రెండో స్థాయి: నడుస్తారు. మెట్లెక్కడానికి ఆధారం కావాలి. ఎగుడుదిగుడు నేల కష్టం.
మూడో స్థాయి: వాకర్ వంటి చేతి సాధనంతో నడుస్తారు. దూరాలకు చక్రాల కుర్చీ కావాలి.
నాలుగో స్థాయి: చాలా సందర్భాల్లో కుర్చీ, మరొకరి సహాయం అవసరం.
ఐదో స్థాయి: తల, మెడ నిలుపుకోవడమే కష్టం. ఎక్కడికైనా మరొకరే తీసుకువెళ్లాలి.

చేతుల వాడకానికి, సంభాషణకు కూడా ఇటువంటి ఐదు స్థాయిల వర్గీకరణలు తరవాత వచ్చాయి. ఒకే వ్యక్తి నడకలో నాలుగో స్థాయిలో, సంభాషణలో మొదటి స్థాయిలో ఉండవచ్చు. కాబట్టి మూడింటినీ విడివిడిగా చూడాలి.

రెండో స్థాయి వర్ణనలోని ‘ఎగుడుదిగుడు నేల’ అన్న మాటను మళ్లీ చదవండి. నున్నటి సిమెంటు దారులున్న నగరంలో రెండో స్థాయి యువతి ఒంటరిగా బజారుకు వెళ్లగలదు. రాళ్లు తేలిన పల్లెబాటలో అదే యువతికి తోడు కావాలి. వర్గీకరణలో స్థాయి మారలేదు, జీవితం మారింది.

4. సామర్థ్యం, ఆచరణ, భాగస్వామ్యం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన అంతర్జాతీయ వర్గీకరణ వైకల్యాన్ని శరీర లోపంగా మాత్రమే చూడదు. శరీర నిర్మాణం, దాని పనితీరు ఒక అంశం. వ్యక్తి చేసే పనులు మరొకటి. సమాజంలో భాగస్వామ్యం ఇంకొకటి. పరిసరాలు, వ్యక్తిగత అంశాలు ఈ మూడింటినీ ప్రభావితం చేస్తాయి. ఈ చట్రంలో మీరు గట్టిగా పట్టుకోవలసిన తేడా ఒకటుంది.

సామర్థ్యం అంటే అనుకూలమైన చోట వ్యక్తి చేయగలిగినది. ఆచరణ అంటే తన సొంత ఇంట్లో, సొంత వీధిలో అతడు రోజూ నిజంగా చేస్తున్నది. భాగస్వామ్యం అంటే జీవితంలోని సందర్భాల్లో అతడు పాలుపంచుకోవడం.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. కల్యాణదుర్గం వైపు ఒక పల్లెలో 19 ఏళ్ల యువకుడు ఉన్నాడనుకోండి. అతనిది మూడో స్థాయి. ఫిజియోథెరపీ గదిలో వాకర్ పట్టుకుని 30 అడుగులు వేస్తాడు. ఇది సామర్థ్యం. ఇంట్లో గడప ఎత్తుగా ఉంది, వాకిలి గులకరాళ్లతో నిండి ఉంది. అక్కడ వాకర్ కదలదు కాబట్టి నేల మీద పాకుతాడు. ఇది ఆచరణ. వీధి చివర కట్ట మీద సాయంత్రం కుర్రాళ్లంతా చేరతారు. వయసొచ్చిన మనిషి నలుగురి ముందు పాకుతూ వెళ్లడం నామోషీ అని అతడు ఇంట్లోనే ఉండిపోతాడు. ఇది భాగస్వామ్యం లేకపోవడం.

ఇప్పుడు చెప్పండి, ఈ యువకుడికి ముందుగా కావలసింది ఏమిటి? మరో 30 అడుగుల నడక శిక్షణా, గడప దగ్గర ఒక వాలుబండా? శిక్షణ వద్దని కాదు. సామర్థ్యానికీ ఆచరణకూ మధ్య ఉన్న ఖాళీ అతని శరీరంలో లేదు, వాకిట్లో ఉంది. వాకిట్లో ఉన్నదాన్ని మార్చడం మన చేతిలో పని.

ఐరోపాలో ఏడు దేశాల్లో జరిగిన స్పార్కిల్ అనే అధ్యయనం దీన్ని పెద్ద ఎత్తున చూపింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల భాగస్వామ్యం ఒక్కో ప్రాంతంలో ఒక్కో తీరుగా ఉంది. వైకల్య తీవ్రత ఒకేలా ఉన్నా ఈ తేడా కనిపించింది. డెన్మార్క్ పిల్లలు మెరుగ్గా ఉన్నారు. అదే అధ్యయనం మరో సంగతి బయటపెట్టింది. తమ జీవితం ఎలా ఉందో స్వయంగా చెప్పగలిగిన 8-12 ఏళ్ల పిల్లలు చాలా అంశాల్లో తోటి పిల్లలతో సమానమైన తృప్తినే వ్యక్తం చేశారు. వారే కౌమారంలోకి వచ్చాక స్నేహాల విషయంలో వెనకబడ్డారు. శరీరం కంటే ఒంటరితనమే ఆ వయసులో పెద్ద లోటు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
(1) సామర్థ్యానికీ ఆచరణకూ తేడా ఏమిటి? మీ ఊరి నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.
(2) నడకలో నాలుగో స్థాయి అంటే తెలివిలో కూడా నాలుగో స్థాయేనా?

5. కరవు నేలలో దైనందిన జీవనం

దైనందిన పనులంటే తినడం, స్నానం, మలమూత్ర విసర్జన, దుస్తులు, ఇంట్లో కదలడం, మాట్లాడటం. పుస్తకాల్లో ఇవి విడివిడిగా ఉంటాయి. పల్లెలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి.

నీరు, మరుగుదొడ్డి: ఎండాకాలంలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అటువంటి చోట కూడా ఈ యువతలో కొందరు కావాలనే నీళ్లు తక్కువ తాగుతారు. తాగితే మళ్లీ మళ్లీ మూత్రానికి వెళ్లాలి. వెళ్లాలంటే ఎవరో ఒకరు ఎత్తుకుపోవాలి. తల్లి కూలికి వెళ్లి సాయంత్రానికి గాని రాదు. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. ఫలితం మలబద్ధకం, మూత్రంలో మంట, నీరసం. దీన్ని సెరిబ్రల్ పాల్సీ లక్షణంగా భావించి వదిలేస్తుంటారు. మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో కూడా తలుపు ఇరుకైనదైతే, లోపల పట్టుకోవడానికి కడ్డీ లేకపోతే అది ఆ యువతికి లేనట్టే. గోడకు ఒక ఇనుప కడ్డీ, కూర్చోవడానికి నడుమ రంధ్రం చేసిన కుర్చీ, చేతికందే ఎత్తులో నీళ్ల తొట్టి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

ఆహారం: పడుకోబెట్టి తినిపించడం ప్రమాదకరం. ఆహారం గొంతుకు అడ్డంపడవచ్చు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వీపుకు, తలకు ఆధారమిచ్చి కూర్చోబెట్టాలి. కొందరికి పల్చటి ద్రవాలు త్వరగా పొలమారతాయి. అటువంటివారికి మెత్తగా కలిపిన ముద్ద సులువు కావచ్చు. పిడి లావుగా చేసిన చెంచా, కదలకుండా తడిగుడ్డ మీద పెట్టిన పళ్లెం ఉంటే స్వయంగా తినగలిగేవారు చాలామంది. స్వయంగా తింటే సమయం ఎక్కువ పడుతుంది, కింద కొంత పడుతుంది. పనికి పోయే తొందరలో తల్లి తానే తినిపించేస్తుంది. ఇది ప్రేమ వల్ల, తొందర వల్ల జరిగేదే. అయినా ఏళ్ల తరబడి ఇలా సాగితే ఆ చెయ్యి పని మరచిపోతుంది. రోజుకు ఒక పూటైనా సొంత చేత్తో తినే అవకాశం ఇవ్వమని కుటుంబానికి చెప్పండి.

మాట: మాట రానివారికి బొమ్మల పలక, అక్షరాల పలక, చూపుతో అవును-కాదు చెప్పే పద్ధతి ఉన్నాయి. ఇప్పుడు మొబైల్ ఫోన్ కూడా తోడైంది. ఏ సాధనమైనా పనిచేయాలంటే ఒక నియమం పాటించాలి. ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగాలి.

వలస: తల్లిదండ్రులు వలస వెళ్లినప్పుడు ఈ యువత అవ్వ దగ్గరో, తాత దగ్గరో ఉంటుంది. ఐదేళ్ల బిడ్డను ఎత్తగలిగిన అవ్వ, 18 ఏళ్ల మనవణ్ని ఎత్తలేదు. ఆమె నడుము పోతుంది, అతడు మంచానికే పరిమితమవుతాడు. బిడ్డను వెంట తీసుకువెళ్తే పింఛను, పాఠశాల, అలవాటైన ఇరుగుపొరుగు అన్నీ ఊళ్లోనే మిగిలిపోతాయి. కరవు అంటే పంట నష్టంగానే లెక్కిస్తాం. ఒక మనిషిని రోజుకు నాలుగుసార్లు లేవదీసే చేతులు ఊరు విడిచి వెళ్లడం కూడా కరవు నష్టమే. అది ఏ లెక్కలోనూ చేరదు.

6. కౌమారం నుంచి యవ్వనానికి

మెదడుకు తగిలిన దెబ్బ ముదరదని చెప్పుకున్నాం. శరీరం మాత్రం పెరుగుతుంది. కౌమారంలో ఎముకలు వేగంగా సాగుతాయి. బిగుసుకున్న కండరాలు అంత వేగంగా సాగవు. కీళ్లు ముడుచుకుపోతాయి. బరువు పెరిగేకొద్దీ నడక మరింత శ్రమగా మారుతుంది. పదేళ్లప్పుడు నడిచిన పిల్లవాడు పదహారేళ్లకు నడక మానేయడం కొందరిలో కనిపిస్తుంది. నొప్పి చాలామందిలో ఉంటుంది, కాని అడిగితే తప్ప చెప్పరు.

సరిగ్గా ఈ సమయంలోనే సేవలు తగ్గిపోతాయి. ఆంధ్రప్రదేశ్‌లో మండల స్థాయిలో భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు బోధిస్తారు, ఫిజియోథెరపీ శిబిరాలు జరుగుతాయి. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటివద్దే విద్య అందించే ఏర్పాటు ఉంది. ఇవన్నీ బడి వయసుకు సంబంధించినవి. 18 నిండగానే ఆ యువకుడు ఉపాధ్యాయుని హాజరు పట్టీ నుంచి, పిల్లల వైద్యుని చీటీ నుంచి ఒకేసారి తప్పుకుంటాడు. తోటివారు కాలేజీకో, పనికో పోతారు. అతనికి మిగిలేది పింఛను ఒక్కటే.

ఈ వయసులో అడగని ప్రశ్నలు కూడా ఉంటాయి. నెలసరి సమయంలో యువతికి ఎవరు తోడుంటారు? ఆమె శరీరం మీద ఎవరైనా చెయ్యి వేస్తే చెప్పుకోవడానికి ఆమెకు మార్గముందా? పెళ్లి, ప్రేమ గురించి అతనికి ఆలోచనలు ఉండవని మనం ఎందుకు అనుకుంటున్నాం? క్షేత్రంలో పనిచేసేవారు ఈ ప్రశ్నలను మర్యాదగా, ఏకాంతంగా, ముందుగా ఆ వ్యక్తితోనే మాట్లాడాలి.

7. భాగస్వామ్యం: పని, స్నేహం, పండగ

ఒక పనిని పూర్తిగా ఒంటరిగా చేయగలిగితేనే పాలుపంచుకున్నట్టు అనుకోవడం సరికాదు. వేరుశనగ విత్తడానికి ముందు ఈ ప్రాంతపు ఇళ్లలో విత్తనం కోసం కాయలు వలుస్తారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని, మాటల మధ్య పని సాగిస్తారు. ఒక చెయ్యే పనిచేసే యువతి అక్కడ కూర్చుంటే వలిచిన గింజల్లోంచి పుచ్చువి ఏరగలదు. ఆ పూట ఆమె ఏరిన గింజలు శేరో, అరశేరో అన్నది ముఖ్యం కాదు. ఊళ్లో ఎవరి పెళ్లి కుదిరిందో, ఎవరి బోరు ఎండిందో ఆమెకు తెలుస్తుంది. ఆమె కూడా ఒక మాట అంటుంది.

పీర్ల పండగకు, జాతరకు, తేరుకు ఊరంతా కదిలినప్పుడు ఈ యువతను ఇంటికి కాపలాగా ఉంచడం ఆనవాయితీ కాకూడదు. మూడు చక్రాల బండి తోసే ఇద్దరు స్నేహితులుంటే చాలు.

పని హక్కు విషయంలో ఈ ప్రాంతానికి ఒక చరిత్ర ఉంది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభమైంది. పని చోట నీళ్లు అందించడం, పిల్లలను చూసుకోవడం వంటి పనులను వికలాంగులకు ఇవ్వవచ్చని దాని మార్గదర్శకాలు చెప్పాయి. ఉమ్మడి రాష్ట్రంలో వికలాంగులకు ప్రత్యేక శ్రమశక్తి సంఘాలు కూడా ఏర్పడ్డాయి. అయితే సెరిబ్రల్ పాల్సీ ఉన్న యువకుడు పని దగ్గరకు చేరుకోవడానికి వాహనం, నీడ, నెమ్మదిగా చేసే వీలు కావాలి. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, చెరువుకట్ట దాకా నడవాలి.

8. చట్టాలు, సేవలు

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. ఇది 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. సెరిబ్రల్ పాల్సీ చలన వైకల్యాల కింద వస్తుంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం రిజర్వేషన్ ఉన్నాయి. రాయలేనివారు పరీక్షలో సహాయకుణ్ని, అదనపు సమయాన్ని కోరవచ్చు. దూరవిద్యలో చదివేవారికి కూడా ఇది వర్తిస్తుందని మీ అధ్యయన కేంద్రంలో గుర్తుచేయండి.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రత్యేకంగా ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధా వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం వచ్చింది. 18 ఏళ్లు నిండినవారికి అవసరమైతే సంరక్షకుణ్ని నియమించే స్థానిక కమిటీ ప్రతి జిల్లాలో కలెక్టరు నేతృత్వంలో ఉండాలి. ఈ చట్టం కింద నడిచే నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు భరిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు. పింఛనుకు సదరం సర్టిఫికెట్ కావాలి. దరఖాస్తు గ్రామ సచివాలయంలో ఇవ్వాలి.

సర్టిఫికెట్ విలువను తక్కువ చేయలేం. దాని పరిమితిని కూడా గుర్తించాలి. అది శరీరంలో లోపం ఎంత శాతమో చెబుతుంది. ఆ మనిషి నెలలో ఎన్నిసార్లు వీధి గడప దాటాడో చెప్పదు. 80 శాతం సర్టిఫికెట్‌తో డిగ్రీ చదివే యువతి ఉండవచ్చు. 50 శాతం సర్టిఫికెట్‌తో ఏళ్ల తరబడి గది దాటని యువకుడు ఉండవచ్చు.

9. సంఘాల అనుభవం

ఆసుపత్రి నుంచి కాక ఊరి నుంచి పునరావాసం మొదలుకావాలన్న ఆలోచనను సమాజ ఆధారిత పునరావాసం అంటారు. 1969లో అనంతపురం వచ్చిన విసెంటే ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, అంటే ఆర్డీటీ, బత్తలపల్లి, కల్యాణదుర్గం ఆసుపత్రులతో పాటు ఈ పనిని కూడా చేపట్టింది. వైకల్యం ఉన్న పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నడిపింది, గ్రామాల్లో వికలాంగుల సంఘాలు ఏర్పరచింది. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ కూడా వికలాంగులను సంఘాలుగా కూడగట్టింది.

సంఘం వల్ల రెండు ప్రయోజనాలున్నాయి. ఒకటి, సర్టిఫికెట్టు, పింఛను, బస్సు రాయితీ వంటివి అడగడానికి ఒంటరి తల్లి గొంతుకు తోడు దొరుకుతుంది. రెండోది, నెలకు ఒకసారి జరిగే సమావేశమే ఒక భాగస్వామ్యం. అక్కడికి రావాలంటే ఆ యువకుడు ఇల్లు దాటాలి, చొక్కా మార్చుకోవాలి, తనవంటి మరొకరిని కలవాలి. అయితే సంఘాల్లో కూడా మాట బాగా వచ్చినవారే మాట్లాడతారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారి తరఫున తల్లే సంతకం పెడుతుంది, తల్లే చెబుతుంది. ఆ యువతీయువకుల సొంత మాట వినడానికి సమయం కేటాయించడం సంఘాల ముందున్న పని.

10. క్షేత్ర కార్యం

మీ ఊళ్లోనో, వార్డులోనో సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక యువతిని గాని యువకుణ్ని గాని, వారి అనుమతితో కలవండి. ప్రశ్నలు ముందు వారినే అడగండి, తరవాత కుటుంబాన్ని అడగండి. పేరు రాయవద్దు.

(1) గత వారం ఇంటి గడప ఎన్నిసార్లు దాటారు? ఎక్కడికి?
(2) స్వయంగా చేయగలిగి కూడా మరొకరు చేసిపెడుతున్న పని ఏది? ఎందుకు?
(3) పగటిపూట ఎన్నిసార్లు నీళ్లు తాగుతారు? తక్కువైతే కారణమేమిటి?
(4) ఇంటివారు కాక మాట్లాడే స్నేహితులు ఎందరు?
(5) ఒక్క మార్పు కోరుకోమంటే ఏం కోరుకుంటారు?

ఐదో ప్రశ్నకు వచ్చిన జవాబును వారి మాటల్లోనే రాయండి. తరవాత ఆ మార్పు శరీరానికి సంబంధించినదా, ఇంటికి సంబంధించినదా, ఊరికి సంబంధించినదా గుర్తించి, దాన్ని ఎవరు చేయగలరో రాయండి.

11. సారాంశం

సెరిబ్రల్ పాల్సీ మెదడు ఎదిగే దశలో కలిగిన హాని ఫలితం. అది ముదరదు, అంటదు. తెలివి తక్కువతనానికి అది మరో పేరు కాదు. నడక, చేతి పని, సంభాషణ మూడింటినీ విడిగా అంచనా వేయాలి. వ్యక్తి చేయగలిగినదానికీ రోజూ చేస్తున్నదానికీ మధ్య ఖాళీ ఎక్కువగా పరిసరాల వల్ల ఏర్పడుతుంది. అనంతపురం ప్రాంతంలో నీటి ఎద్దడి, వలస, రాతిబాటలు, 18 ఏళ్లకు ఆగిపోయే సేవలు ఆ ఖాళీని పెంచుతాయి. వాలుబండ, కడ్డీ, బండి తోసే స్నేహితుడు, జవాబు కోసం ఆగే ఓపిక దాన్ని తగ్గిస్తాయి. చట్టం హక్కు ఇస్తుంది. ఆ హక్కును గడప దాటించే పని కుటుంబానిది, సంఘానిది, మీవంటి చదువుకున్నవారిది.

12. మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ. 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
(1) సామర్థ్యం, ఆచరణ, భాగస్వామ్యం అనే భావనలను కరవు ప్రాంత ఉదాహరణలతో చర్చించండి.
(2) కౌమారం నుంచి యవ్వనానికి మారే దశలో సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి ఎదురయ్యే సమస్యలను వివరించండి.

ఆ. 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
(1) సెరిబ్రల్ పాల్సీకీ పోలియోకూ తేడాలు.
(2) వైకల్య సర్టిఫికెట్ ఉపయోగం, పరిమితి.
(3) వలస ప్రభావం వికలాంగ యువత దైనందిన జీవనంపై ఎలా ఉంటుంది?